కొండ దిగుతుంటే తెలిసిన పేరు: క్లెస్సీ కమిన్స్

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేము కొలరాడో కొండలు చూడటానికి వెళ్ళాం. మా తెలుగు సంఘంలో పరిచయమైన ఒక అన్నయ్యగారు తన డీజిల్ పికప్ ట్రక్కు, దాని వెనక తగిలించుకునే క్యాంపర్ వారం రోజులకు ఇచ్చారు. ఇచ్చేముందు మా వారిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించారు. డాష్ బోర్డు మీద ఒక చిన్న బటన్ చూపించి, కొండ దిగేముందు ఇది నొక్కడం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పారు కూడా. మా వారు తలూపారు. మగవాళ్ళు తలూపడం సంగతి మీకు తెలిసిందే కదా!

తిరుగు ప్రయాణంలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాటాక అసలు సంగతి మొదలైంది. ఆ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంటుంది. డెన్వర్ 5,280 అడుగులు. మధ్యలో అరవై మైళ్ళు, దాదాపు అంతా దిగుడే. వెనక క్యాంపర్ బరువు నెడుతోంది. మా వారు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచారు. కాసేపటికి కారు లోపలికి ఒక కమురు వాసన వచ్చింది, మూకుడు మాడితే వచ్చేలాంటిది. వెనక సీట్లోంచి మా అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. పెడల్ మెత్తగా అవుతోందని మా వారు మెల్లిగా అన్నారు, నాకు మాత్రమే వినపడేట్టు. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బటన్. చెయ్యి చాపి నేనే నొక్కాను. ఇంజిన్ గొంతు మారింది, లోపల ఎవరో గట్టిగా ఊపిరి బిగబట్టినట్టు ఒక బరువైన హోరు. బండి వేగం దానంతట అదే తగ్గడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన విశాలమైన మలుపులో పక్కకు ఆపి, బ్రేకులు చల్లారేదాకా నలభై నిమిషాలు కూర్చున్నాం. తప్పు బండిది కాదు, మాదే.

ఆ నలభై నిమిషాల్లో ట్రక్కు పక్కన రాసి ఉన్న పేరు కనిపించింది. కమిన్స్. ఈ పేరు నాకు కొత్త కాదు. హైదరాబాద్‌లో మా అక్క వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కరెంటు పోయినప్పుడల్లా మోగే జనరేటర్ మీద ఇదే పేరు. కంపెనీ పేరు అనుకున్నానే తప్ప, అది ఒక మనిషి పేరని, ఆ మనిషి కూడా ఒకరోజు ఇలాగే కొండ దిగుతూ బ్రేకులు లేక చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడని అప్పటికి తెలియదు. ఇంటికి వచ్చాక లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివింది ఇక్కడ రాస్తున్నాను.

క్లెస్సీ లైల్ కమిన్స్ 1888 డిసెంబరు 27న ఇండియానా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. చదువు ఎనిమిదో తరగతితో సరి. కానీ పదకొండేళ్ళ వయసులోనే సొంతంగా ఒక ఆవిరి ఇంజిన్ తయారుచేశాడు. చెక్కను చాకుతో చెక్కి అచ్చులు చేసుకుని, వాటితో ఇనుప భాగాలు పోతపోసి బిగించాడు. అది బొమ్మ ఇంజిన్ కాదు, పొలంలో నీళ్ళు తోడింది. ఇప్పుడు మన పిల్లలను పదకొండేళ్ళకు రోబోటిక్స్ క్లాసుకు దింపి, బయట కార్లో గంటసేపు కూర్చుంటున్నాం. ఈ పిల్లాడికి దింపేవాళ్ళు లేరు, క్లాసూ లేదు.

పెద్దవాడయ్యాక ఇండియానాపోలిస్‌లో మార్మన్ కార్లు తయారుచేసే కంపెనీలో పని చేశారు. 1911లో జరిగిన మొట్టమొదటి ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెంలో గెలిచింది మార్మన్ కారే. ఆ కారుకు పనిచేసిన మెకానిక్కుల బృందంలో క్లెస్సీ కూడా ఒకరు.

అంతకు మూడేళ్ళ ముందే, 1908లో, ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ఉద్యోగం దొరికింది. కొలంబస్ అనే ఊళ్ళో విలియం గ్లాంటన్ ఇర్విన్ అనే బ్యాంకరు ఉండేవారు. కొలంబస్ అనగానే మనవాళ్ళందరికీ ఒహాయో గుర్తొస్తుంది. ఇది ఆ కొలంబస్ కాదు, ఇండియానాలోది, చిన్న ఊరు. ఆ ఇర్విన్ గారి కుటుంబానికి కారు డ్రైవరుగా, మెకానిక్‌గా క్లెస్సీ కుదిరారు. మన భాషలో చెప్పాలంటే షావుకారు గారింట్లో డ్రైవరు.

ఇర్విన్ మామూలు షావుకారు కాదు. డ్రైవరుకు ఉన్న చేతి పనితనం చూసి, ఖాళీ సమయంలో సొంత పని చేసుకోవడానికి గ్యారేజీలో చోటు ఇచ్చారు, పనిముట్లకు డబ్బు ఇచ్చారు. ఆ చోటే మెషిన్ షాపు అయింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రభుత్వానికి బండి చక్రాల కుండలు చేసి ఇచ్చే పని కూడా దొరికింది. యుద్ధం అయిపోయింది, ఆ పనీ అయిపోయింది. అప్పుడు క్లెస్సీ కళ్ళు డీజిల్ ఇంజిన్ మీద పడ్డాయి.

ఆ కాలానికి డీజిల్ అంటే ఓడల్లో, కరెంటు తయారుచేసే చోట్ల ఉండే భారీ యంత్రం. అటూ ఇటూ కదిలే బండిలో డీజిల్ పెట్టొచ్చని అమెరికాలో ఎవరూ గట్టిగా అనుకోలేదు. హ్విడ్ అనే ఆయన పేరు మీద ఉన్న చిన్న నూనె ఇంజిన్ హక్కులు తీసుకుని, ఇర్విన్ డబ్బుతో 1919 ఫిబ్రవరి 3న కమిన్స్ ఇంజిన్ కంపెనీ మొదలైంది. పెట్టుబడి యజమానిది, పేరు డ్రైవరుది. ఇలాంటిది మన దగ్గర ఎక్కడైనా జరిగిందా అని చాలాసేపు ఆలోచించాను.

మొదట్లోనే పెద్ద ఆర్డరు వచ్చింది. సియర్స్ రోబక్ అనే, అప్పట్లో దేశమంతా క్యాటలాగ్ ద్వారా సామాను అమ్మే కంపెనీ, రైతులకు అమ్మడానికి చిన్న ఇంజిన్లు అడిగింది. అందరూ సంబరపడ్డారు. కానీ క్యాటలాగ్‌లో ఒక హామీ ఉంది, నచ్చకపోతే సరుకు తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు. కొంతమంది రైతులు ఇంజిన్ తెప్పించుకుని, ఆ పంటకాలం పనులన్నీ చేయించుకుని, పని అయ్యాక నచ్చలేదని తిప్పి పంపారు. పెళ్ళికి కట్టుకుని ట్యాగు పెట్టి షాపులో తిరిగిచ్చే చీరల సంగతి మనకూ తెలుసు! దానికి తోడు ఆ ఇంజిన్లలో నిజమైన లోపాలు కూడా ఉన్నాయి. వచ్చిన ఇంజిన్లన్నీ తిరిగి కొలంబస్ చేరాయి. కంపెనీ దాదాపు మునిగింది.

ఇర్విన్ మళ్ళీ డబ్బు పెట్టారు. క్లెస్సీ మళ్ళీ మొదలుపెట్టారు. సిలిండర్‌లోకి నూనెను సరిగ్గా కొలిచి పంపే పద్ధతి మీద ఏళ్ళ తరబడి పని చేశారు. డీజిల్ ప్రాణం అంతా అక్కడే ఉంది. పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ వెలిగిస్తుంది. డీజిల్‌లో రవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కి, అందులో చల్లిన నూనె దానంతట అదే అంటుకుంటుంది. ఎప్పుడు చల్లాలి, ఎంత చల్లాలి అన్నది వెంట్రుకవాసి లెక్క. మెల్లగా పడవలకు, ధనవంతుల విహార నౌకలకు ఇంజిన్లు అమ్ముడుపోసాగాయి. ఇంతలో 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలింది. విహార నౌకలు కొనేవాళ్ళు మాయమయ్యారు.

కంపెనీ మూసేస్తారేమో అన్న పరిస్థితి. అప్పుడు క్లెస్సీ ఒక పాత ప్యాకార్డ్ కారు కొని, అందులో ఉన్న పెట్రోలు ఇంజిన్ తీసేసి, పడవల కోసం చేసిన డీజిల్ ఇంజిన్‌ను ఎలాగో ఇరికించారు. 1929 క్రిస్మస్ రోజున ఆ కారు తీసుకెళ్ళి ఇర్విన్ గారిని ఎక్కించుకుని ఊరంతా తిప్పారు. ఇరవై ఏళ్ళ క్రితం ఎవరి కారు నడిపారో ఆయననే పక్కన కూర్చోబెట్టుకుని. ఇర్విన్ దిగాక కంపెనీని మూసే మాట మళ్ళీ రాలేదు.

పది రోజులు తిరగకుండానే, 1930 జనవరిలో, అదే కారులో ఇండియానాపోలిస్ నుంచి న్యూయార్క్ ఆటో షోకు బయలుదేరారు. 792 మైళ్ళు. నూనె ఖర్చు ఒక డాలరు 38 సెంట్లు! పేపర్లవాళ్ళు రాశారు. జనం చూశారు. అంతే, ఆయనకు దారి దొరికింది. ఇక వరసగా ఇలాంటి ప్రదర్శనలే. డేటోనా బీచ్ ఇసుకలో గంటకు 80 మైళ్ళు, మరుసటి ఏడాది 100 మైళ్ళు దాటిన డీజిల్ కారు ఆయనదే. 1931లో ఇండియానాపోలిస్ 500 పందెంలో ఆయన డీజిల్ కారును డేవ్ ఎవాన్స్ నడిపారు. గెలవలేదు, పదమూడో స్థానంలో వచ్చింది. కానీ 500 మైళ్ళు ఒక్కసారి కూడా ఆగకుండా పరుగెత్తింది. ఆ పందెంలో అలా ఆగకుండా పూర్తిచేసిన మొదటి కారు అదే. మిగతావాళ్ళు నూనె పోయించుకోవడానికి, టైర్లు మార్చడానికి ఆగుతుంటే ఈ బండి తన మానాన తను పోతూనే ఉంది. నాకు పందాల మీద ఆసక్తి లేదు గానీ ఈ సంగతి చదివి నవ్వొచ్చింది.

ఇక అసలు కథ. అదే 1931లో ఒక లారీలో డీజిల్ పెట్టి న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలెస్ దాకా నడిపి చూపించాలని అనుకున్నారు. క్లెస్సీ, డేవ్ ఎవాన్స్, ఫోర్డ్ మోయర్ ముగ్గురూ బయలుదేరారు. 3,214 మైళ్ళు. మొత్తం నూనె ఖర్చు 11 డాలర్ల 22 సెంట్లు. లెక్కలో చూస్తే అది ఘన విజయం. కానీ గమ్యం ఇంకా కొద్ది దూరంలో ఉండగా, కాలిఫోర్నియాలో కహోన్ పాస్ అనే కనుమ వచ్చింది. ఎడారి పీఠభూమి నుంచి శాన్ బెర్నార్డినో వైపు ఒక్కసారిగా కిందికి దిగే దారి. దిగడం మొదలుపెట్టాక బ్రేకులు వేడెక్కాయి, పట్టు వదలడం మొదలుపెట్టాయి. ఇంజిన్ కూడా బండిని ఆపలేదు. లారీ వేగం అందుకుంది. కింద దారికి అడ్డంగా రైలు పట్టాలు. ఆ సమయానికే ఒక గూడ్సు రైలు దాటుతోంది.

ఆపడానికి ఏమీ లేదు. పక్కకు తిప్పడానికీ లేదు. రైలు చివరి పెట్టె దారిని దాటిన క్షణానికి లారీ పట్టాల మీదికి వచ్చింది. అంతే తేడా. ముగ్గురూ బతికారు. లాస్ ఏంజిలెస్ చేరారు. పేపర్లు 11 డాలర్ల 22 సెంట్ల గురించే రాశాయి. క్లెస్సీ మనసులో మాత్రం ఆ దిగుడు ఉండిపోయింది.

ఇక్కడ కాసేపు ఆగి, ఆ రోజు ఆ ఇంజిన్ ఎందుకు ఆదుకోలేదో చెబుతాను. నేను గుంటూరులో బి.ఎస్సీ ఫిజిక్స్ చదివాను. పెళ్ళై ఇక్కడికి వచ్చాక ఆ చదువు పోపుల డబ్బా పక్కనే కూర్చుంది. ఇలాంటప్పుడైనా బయటికి తీయకపోతే ఎలా?

కొండ మీద ఉన్న బండికి ఎత్తు వల్ల శక్తి ఉంటుంది. కిందికి వచ్చేలోగా ఆ శక్తి ఎక్కడికో పోవాలి. మా ట్రక్కు, క్యాంపర్ కలిపి ఆరు టన్నులు అనుకుందాం. సొరంగం నుంచి డెన్వర్‌కు ఎత్తులో తేడా సుమారు 1,750 మీటర్లు. ఈ రెండింటినీ 9.8తో గుణిస్తే దాదాపు పది కోట్ల జౌళ్ళు వస్తాయి. మామూలు వేడిలో ఉన్న నీళ్ళను 300 లీటర్లకు పైగా మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి. మిగతాదంతా కాలు బ్రేకు మీదే పెట్టి ఉంచితే, చక్రాల దగ్గరున్న ఆ కాసిని ఇనుప పళ్ళేలే మింగాలి. అందుకే ఆ కమురు వాసన. 1931 నాటి లారీ డ్రమ్ బ్రేకులు ఇంకా చిన్నవి, ఇంకా బలహీనమైనవి.

అయితే ఇంజిన్ బ్రేకింగ్ ఉంది కదా అంటారు. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రైవర్లు చిన్న గేరులో దిగడం చిన్నప్పటి నుంచి చూశాం కదా. పెట్రోలు బండిలో యాక్సిలరేటర్ వదిలితే గాలి వచ్చే తలుపు మూసుకుంటుంది. ఇంజిన్ ఆ మూసిన తలుపు వెనక నుంచి గాలి పీల్చడానికి కష్టపడుతుంది. ఆ కష్టమే బండిని వెనక్కి లాగుతుంది. పాతకాలపు డీజిల్‌లో ఆ తలుపే లేదు. గాలి ఎప్పుడూ నిండుగా వస్తుంది. పిస్టన్ దాన్ని నొక్కుతుంది, నొక్కడానికి శక్తి ఖర్చవుతుంది నిజమే, కానీ నొక్కిన గాలి స్ప్రింగులా తిరిగి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఇచ్చిందంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఇంట్లో సైకిల్ పంపు ఉంటే చూడండి. మూతిని వేలితో మూసి పిడి నొక్కండి, వదలండి. పిడి పైకి లేచి వస్తుంది. అందుకే డీజిల్ లారీ కొండ దిగేటప్పుడు ఇంజిన్ దాదాపు ఊరికే తిరుగుతుంది. తక్కువ నూనెతో ఎక్కువ దూరం తీసుకెళ్ళే ఇంజిన్, దిగుడులో మనిషిని వదిలేస్తుంది. దాన్ని అమెరికా రోడ్ల మీదికి తెచ్చిందే తను కాబట్టి, ఈ సంగతి క్లెస్సీని మిగతావాళ్ళకంటే ఎక్కువ బాధించి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ పనిలోనే గడిచిపోయాయి. 1933లో మోడల్ హెచ్ అనే ఇంజిన్ వచ్చింది, లారీలవాళ్ళు దాన్ని ఇష్టపడ్డారు. 1934లో ఇర్విన్ కుటుంబం నుంచి జె. ఇర్విన్ మిల్లర్ అనే కుర్రవాడు నిర్వహణలోకి వచ్చారు. కంపెనీ మొదటిసారి లాభం చూసింది 1937లో. మొదలుపెట్టిన పద్దెనిమిదేళ్ళకు! అన్నేళ్ళు నష్టాలు భరించిన ఇర్విన్ గారిని తలుచుకుంటే, క్లెస్సీ కథలో సగం ఆయనదే అనిపిస్తుంది. తర్వాత యుద్ధం, యుద్ధం తర్వాత హైవేలు. కంపెనీ పెద్దదైంది. 1955లో క్లెస్సీ అందులోంచి తప్పుకున్నారు. కాలిఫోర్నియాలో, గోల్డెన్ గేట్ వంతెన అవతల సాసలిటోలో ఉండసాగారు.

అరవై ఆరేళ్ళు దాటాయి. డబ్బుకు లోటు లేదు. ఎదురుగా సముద్రం. ఆయన మాత్రం ఇంటి దగ్గరే పనిముట్లు పెట్టుకుని ఆ పాత దిగుడు సంగతి తేల్చడానికి కూర్చున్నారు.

ఎగ్జాస్ట్ మూసి ఇంజిన్‌ను నెమ్మది చేసే పద్ధతి యూరప్‌లో ఆల్ప్స్ కొండల లారీలకు అప్పటికే ఉంది. పొగ బయటికి పోయే గొట్టంలో ఒక పళ్ళెం లాంటి తలుపు పెట్టి మూస్తారు. పిస్టన్ గాలిని బయటికి తోయలేక తోయలేక తోస్తుంది. సైకిల్ పంపు మూతికి సూదిమొన అంత రంధ్రం మాత్రమే వదిలి కొట్టినట్టు. అదే ఎగ్జాస్ట్ బ్రేక్. మా అన్నయ్యగారి పికప్‌లో ఉన్నది కూడా ఆ కోవకు చెందినదే. కాకపోతే అందులో వేరే తలుపు లేదు, టర్బోలో ఉన్న రెక్కలే దగ్గరకు జరిగి దారి ఇరుకు చేస్తాయి.

క్లెస్సీ ఆలోచన వేరు. గాలిని నొక్కనివ్వాలి, అంతకంటే అంతకంటే నొక్కనివ్వాలి, సరిగ్గా పిస్టన్ పైకి చేరిన క్షణాన ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఆ గాలిని బయటికి వదిలేయాలి. పంపు పిడి పూర్తిగా నొక్కాక మూతి మీది వేలు తీసేసినట్టు. గాలి బుస్సుమని పోతుంది, పిడి తిరిగి లేవదు. నొక్కడానికి పెట్టిన శక్తి అంతా పోయినట్టే. ఆ శక్తి ఇచ్చింది ఎవరు? కొండ దిగుతున్న లారీ. బండిని ముందుకు తోసే ఇంజినే ఇప్పుడు లారీ శక్తిని తినేసే గాలి పంపుగా మారుతుంది. బ్రేకు పళ్ళేలు వేడెక్కే పని లేదు.

చెప్పడానికి బాగానే ఉంది. కానీ సెకనులో వందో వంతులో, ప్రతి సిలిండర్‌కూ, సరైన క్షణంలో ఆ వాల్వును ఎవరు తెరవాలి? దీనికోసం కొత్త కామ్ షాఫ్ట్ పెట్టాలంటే ఇంజిన్ మొత్తం మార్చాలి. ఎవరూ కొనరు. ఈ ముడి దగ్గరే ఆయన చాలాకాలం ఆగిపోయారు. ఒక రాత్రి మంచం మీద ఉండగా సమాధానం తట్టిందని చెబుతారు. తన పేరున్న ఇంజిన్లలోనే, డెట్రాయిట్ డీజిల్ ఇంజిన్లలోనూ, ప్రతి సిలిండర్‌కు మూడో కామ్ ఒకటి ఉంది. అది నూనె చల్లే ఇంజెక్టర్‌ను నొక్కుతుంది. ఎప్పుడు నొక్కుతుంది? పిస్టన్ పైకి చేరేటప్పుడే! బ్రేకు వేసేటప్పుడు నూనె అక్కర్లేదు, కానీ ఆ మీట మాత్రం ఊరికే కదులుతూనే ఉంటుంది. ఆ కదలికను కొంచెం ఇంజిన్ ఆయిల్ సాయంతో పక్కనున్న ఎగ్జాస్ట్ వాల్వుకు అందిస్తే చాలు. ఇంజిన్ పైన బిగించే ఒక పెట్టె, అందులో చిన్న పిస్టన్లు, ఒక స్విచ్. అంతే.

ఇది చదివిన రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ముప్ఫై ఏళ్ళు తను చేసిన ఇంజిన్‌లోనే, తన కళ్ళెదుటే, ఆ మూడో కామ్ కావలసిన సమయానికి కదులుతూనే ఉంది.

తయారుచేసి చూపిస్తే ఎగబడి తీసుకుంటారని అనుకుంటాం. అలా జరగలేదు. తన పేరు పెట్టుకున్న కంపెనీతో సహా ఇంజిన్లు చేసేవాళ్ళు మొదట ముందుకు రాలేదు. ఇంజిన్ అంటే పరుగెత్తడానికి, ఆపడానికి బ్రేకులు ఉన్నాయిగా అన్న ధోరణి కావచ్చు. ఆయన వాళ్ళ చుట్టూ తిరిగి, చివరికి కనెక్టికట్‌లోని జేకబ్స్ అనే కంపెనీకి ఇచ్చారు. వాళ్ళు అప్పటిదాకా చేసేది డ్రిల్లింగ్ మిషన్ల చక్‌లు. లారీలతో సంబంధమే లేదు. 1961లో మొదటి బ్రేకులు మార్కెట్లోకి వచ్చాయి. కొండదారుల్లో తిరిగే లారీ డ్రైవర్లు ఒకసారి వాడాక వదల్లేదు. జేకబ్స్ అనే పేరు వాళ్ళ నోట్లో నలిగి జేక్ అయింది. జేక్ బ్రేక్ అంటే అమెరికాలో ఏ లారీ డ్రైవరుకైనా తెలుసు. క్లెస్సీ బ్రేక్ అంటే ఎవరికీ తెలియదు.

దాని చప్పుడు మీరు వినే ఉంటారు. నొక్కిన గాలి ఒక్కసారిగా బయటపడటం వల్ల టపటపమని మెషిన్‌గన్ పేలినట్టు మోగుతుంది, సైలెన్సర్ సరిగా లేని లారీల్లో మరీ ఎక్కువ. అందుకే ఊళ్ళ మొదట్లో ఇంజిన్ బ్రేకు వాడరాదని బోర్డులు ఉంటాయి. పదమూడేళ్ళుగా ఈ దేశంలో ఆ బోర్డులు చూస్తూనే ఉన్నాను. ఇంజిన్‌కు బ్రేకేమిటి, వాడొద్దనడమేమిటి అనుకుని వదిలేశాను. మన పికప్‌లలో ఉండే ఎగ్జాస్ట్ బ్రేకుకు ఆ గోల ఉండదు, హోరు మాత్రమే.

ఇంకో చిన్న సంగతి. 1962లో కిర్లోస్కర్ వాళ్ళతో కలిసి కమిన్స్ కంపెనీ పుణెలో ఫ్యాక్టరీ పెట్టింది. అప్పటికి క్లెస్సీ బతికే ఉన్నారు. మా అక్క వాళ్ళ సెల్లార్‌లోకి ఆ పేరు వచ్చిన దారి అది. పికప్ ట్రక్కుల్లోకి రావడం మాత్రం ఆయన చూడలేదు. డాడ్జ్ పికప్‌లో 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ వచ్చింది 1989 మోడల్‌తో. టర్బో రెక్కలతో పనిచేసే ఎగ్జాస్ట్ బ్రేకు 2007లో 6.7 లీటర్ల ఇంజిన్‌తో వచ్చింది.

ఆయన 1967లో తన డీజిల్ రోజుల గురించి ఒక పుస్తకం అచ్చువేయించారు. మరుసటి సంవత్సరం, 1968లో, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో పోయారు. 1985లో అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం జేకబ్స్ ఇంజిన్ బ్రేకును చారిత్రక ఆవిష్కరణల జాబితాలో చేర్చింది. మోటారు బండి ఆగడానికి సంబంధించిన వస్తువుకు ఆ గౌరవం దక్కడం నాకు బాగా నచ్చింది.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు జరిగింది అన్నయ్యగారికి దాచకుండా చెప్పాం. ఆయన కోప్పడలేదు. బ్రేకు ప్యాడ్లు మార్పిస్తామంటే చూద్దాంలే అన్నారు. తర్వాత మా ఇద్దరినీ మళ్ళీ బండిలో కూర్చోబెట్టి మొదటి నుంచి పాఠం చెప్పారు. ఈసారి నేను రాసుకున్నాను. బటన్ కొండ నెత్తి మీదే నొక్కాలి, దిగడం మొదలై వేగం అందుకున్నాక కాదు. దానితోపాటు టో-హాల్ మోడ్ కూడా పెట్టాలి, అప్పుడు గేరు కిందికి దిగి ఇంజిన్ వేగంగా తిరుగుతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే ఈ బ్రేకుకు అంత బలం. కాలి బ్రేకు అవసరమైతే కాస్త గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే వదిలేయాలి, కాలు పెట్టి కూర్చోకూడదు. మంచు పేరుకున్న రోడ్డు మీద మాత్రం ఎగ్జాస్ట్ బ్రేక్ జోలికి పోకూడదు. అది ఇంజిన్ తిప్పే చక్రాలనే పట్టి ఆపుతుంది కాబట్టి వెనక చక్రాలు జారి బండి అడ్డం తిరగొచ్చు. క్యాంపర్‌కు ఉన్న సొంత బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి. మామూలు కార్లు నడిపేవాళ్ళకైనా కొండ దిగేటప్పుడు చిన్న గేరు మర్చిపోవద్దని చెబుతున్నాను. ఆటోమేటిక్ కారులో కూడా ఆ ఎల్ అక్షరం అందుకే ఉంది.

ఈ డిసెంబరులో లాస్ వేగాస్ మీదుగా శాన్ బెర్నార్డినో దగ్గర మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాలి. ఐ-15 సరిగ్గా కహోన్ పాస్‌లోంచే దిగుతుంది. గూడ్సు రైళ్ళు ఇప్పటికీ ఆ లోయలోంచే పోతాయట. ఒకచోట ఆపి రైలు చూసి వెళ్దామని మా అబ్బాయి ఇప్పటినుంచే అడుగుతున్నాడు. ఈసారి నేను నడుపుతానని మా వారితో చెప్పాను.